స్థూపం దగ్గర ఆగని బస్సు

ఉప్పల్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించి, ఇన్‌స్పెక్షన్ల గురించి ఇక్కడ రాయను. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు. నేర్చుకున్నదంతా దాదాపు ఏడాదికొక్క రోజులోనే నేర్చుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సెక్కించి, యుద్ధాలు జరిగిన చోట్లకూ, పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాళ్ళ దగ్గరికీ తీసుకెళ్ళే రోజది. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళకు టూరంటే పులిహోర పొట్లాలు, తలలు లెక్కపెట్టుకోవడం, ఘట్‌కేసర్ దాటకముందే వాంతి చేసుకునే పిల్లలు. అవి ఎలాగూ ఉంటాయి. మిగతాది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేనెవరో కూడా ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత వచ్చేది అర్థం కాదు. మా తాత దేశ్‌ముఖ్, ఊరికి దొర. భువనగిరి దాటాక ఒక ఊళ్ళో మాకు గడి ఉండేది. రాతి ప్రహరీ లోపల ఇల్లు, కచేరీ, మనుషుల్ని కట్టేసే కొట్టం అన్నీ కలిపి గడి. నాకు పదేళ్ళు నిండేసరికి గడి పోయింది, భూములు పోయాయి. ఉప్పల్ చౌరస్తాకు దగ్గర్లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నా, ఇస్త్రీ చొక్కా లేకుండా నేను ఒక్కరోజు కూడా బడికి పోలేదు. హోటలు ముందు బెంచీ మీద కూర్చుని చాయ్ తాగలేదు. పిల్లలు నన్ను చాటుగా కర్ర సార్ అనేవాళ్ళు. కొడతానని కాదు, నిటారుగా నడుస్తానని. ఆ పేరు నాకు నచ్చేది.

గోల్కొండ మీద చేసిన తప్పు

ఎనభైల మొదట్లో నా మొదటి టూరు గోల్కొండకు. కొండ కొసన ఉన్న బారాదరి మీద మిట్టమధ్యాహ్నం పిల్లల్ని నిలబెట్టి ముట్టడి గురించి గంటసేపు ఉపన్యాసం చెప్పాను. సంవత్సరాలు, రాజుల పేర్లు, ఏ దర్వాజా ఎవరు తెరిచారు, అన్నీ. ఒక పిల్ల చెయ్యెత్తింది.

"సార్, ఎనిమిది నెలలు కోట మూసుకున్నరు గదా. లోపలోళ్ళు ఏం తిన్నరు?"

"అది పరీక్షలో రాదు. చెయ్యి దించు" అన్నాను.

తిరుగు దారిలో ముందు సీట్లో కూర్చున్నాను. బస్సు డ్రైవరు యాదగిరి. తర్వాత చాలా ఏళ్ళు మా టూర్లకు అతనే వచ్చాడు. నల్లకుంట దాటేదాకా ఊరుకుని, అప్పుడన్నాడు: "సార్, ఏమనుకోకుండ్రి. ఆ పిల్ల అడిగింది మంచి ముచ్చట. నాగ్గూడ అదే పరేషానుండె. తిండి లేకుండ ఎట్ల కొట్లాడిన్రని. మీరు జవాబు జెప్తరేమో అని మెట్లెక్కి మీ ఎన్కనే నిలబడ్డ."

జవాబు నాకు తెలియదు. అందుకే కసిరాను. ఆ వారమంతా లైబ్రరీలో కూర్చుని కొంత తెలుసుకుని, సోమవారం క్లాసులో ఆ పిల్ల పేరు పెట్టి పిలిచి చెప్పాను. ముట్టడించిన సైన్యానికీ తిండి కరువైందని యాదగిరికి కూడా మరుసటి ఏడు చెప్పాను. "అయితే బయటోళ్ళు గూడ ఉపాసమే ఉన్నరన్నట్టు" అని అతను సంతోషించాడు. తెలియని ప్రశ్నకు కోపం తెచ్చుకునే మాస్టారు ఆ పూట గెలుస్తాడు, ఆ ఏడాదంతా ఓడిపోతాడు.

పేర్లు పంచడం

రెండో పాఠం కంటోన్మెంటులో సైనికుల స్మారకం దగ్గర. పాలరాతి పలక మీద వరసగా పేర్లు. పిల్లలకు విసుగు. తోచక, ఒక్కొక్కరికి ఒక్కో పేరు పంచి రాసుకోమన్నాను. రాస్తూ రాస్తూ ఒకడు "ఈయనకు పెండ్లయిందా సార్?" అన్నాడు. ఇంకొకడు "ఏ ఊరు సార్ ఈయనది?" అన్నాడు. అక్కడ చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

చెప్పేవాళ్ళున్న రాళ్ళు మాకు దగ్గర్లోనే ఉన్నాయి. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే, భువనగిరి దాటాక ఊరూరికీ ఒక ఎర్ర రంగు స్థూపం కనబడుతుంది. నిజాం చివరి రోజుల్లో దొరలతో, రజాకార్లతో, ఆ తర్వాత మిలిటరీతో కొట్లాడి పోయినవాళ్ళవి. చెల్లెళ్ళు, భార్యలు, పాలివాళ్ళు అప్పటికింకా బతికే ఉన్నారు. మరుసటి ఏటినుంచి టూరును ఆ దారిన పెట్టాను. పొద్దున రెండు స్థూపాలు, మధ్యాహ్నం భువనగిరి కోట.

పద్ధతి ఇది. పిల్లకొక పేరు. ఊళ్ళోకి వెళ్ళి ఆ మనిషి గురించి అడగాలి. ఎలా చచ్చాడన్నది చివర, ఎలా బతికాడన్నది ముందు. ఏదైనా ఇద్దరు చెప్తేనే నిజమని రాయాలి. ఒక్కరే చెప్తే, ఫలానావారు చెప్పారని రాయాలి. నేను చెప్పినా అంతే. ఈ ఒక్క పద్ధతి గురించి నేను గొప్ప చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

మా హెడ్మాస్టరు గారిది గోదావరి వైపు. భయస్తుడు, కానీ పిల్లలంటే ప్రాణం. "ఏమండీ మాస్టారూ, కోట చూపించి తీసుకొచ్చెయ్యకూడదూ? ఆ ఎర్ర దిమ్మల దగ్గర మనకేం పనండీ? రేపెవరైనా కంప్లైంటు రాస్తే నా పీకల మీదికొస్తుంది" అనేవారు. "కంప్లైంటు వస్తే నా పేరు చెప్పండి" అనేవాణ్ణి. ఆయన నిట్టూర్చి సంతకం పెట్టేవారు. ప్రతి ఏడూ అదే మాట, అదే నిట్టూర్పు. అలాంటి హెడ్మాస్టరు దొరికితే వదులుకోకండి. వద్దని అంటూనే సంతకం పెట్టేవాడు, ధైర్యం కబుర్లు చెప్పి ఫైలు దాచేవాడికంటే వెయ్యి రెట్లు నయం.

ఆపని చోటు

మా దారిలో ఒక స్థూపం మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా, చేల మీదుగా కనిపించేది. దాని వెనక కూలిన రాతి గోడ ఒకటి. అది మా గడి గోడ.

ఆరేళ్ళు బస్సు అక్కడ ఆపలేదు. పిల్లలు కిటికీలోంచి చూసి "అదేంది సార్?" అని అడిగితే, "రజాకార్లు కాల్చి చంపినవాళ్ళ గుర్తు. అలాంటివే ముందు చూస్తాం" అనేవాణ్ణి. ఒక్క వాక్యం. బస్సు ముందుకు పోయేది.

ఆ వాక్యం అబద్ధమని నాకు తెలుసు. మా ఇంట్లో అందరూ చెప్పిన మాటే అది. హైదరాబాదు వచ్చేశాక మా నాయనమ్మ పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఎవరడిగినా రజాకార్లని చెప్పాలి అని నేర్పింది. మేమంతా పెద్దయ్యాక కూడా అదే చెప్పాం. చాలాసార్లు చెప్పిన మాటకు నోరు అలవాటు పడిపోతుంది. దాన్ని ఇంట్లో చెప్పుకుంటే ఇంటి సంగతి. నేను దాన్ని బస్సులో నలభై మంది పిల్లలకు పాఠంగా చెప్పాను. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. పొరపాటు అనను.

నాచారం గేటు

ఎనభైల చివర్లో తొమ్మిదో తరగతిలో సునీత అనే పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న రాములు నాచారంలో ఒక ఫౌండ్రీలో పనిచేసేవాడు. నాచారం పిల్లల తల్లిదండ్రుల సంతకాలు బడికి వచ్చేవి కావు. షిఫ్టు మారే వేళకు నేనే గేటు దగ్గర నిలబడి పెట్టించుకునేవాణ్ణి. రాములు మసి చేతులు ప్యాంటుకు తుడుచుకుని సంతకం పెట్టి అన్నాడు:

"సార్, మీరు పోయే తొవ్వల్నే మా ఊరుంటది. మా అమ్మ ఆడనే ఉంటది. మా మేనమామ పేరు స్థూపం మీదున్నది. జర ఆడ ఆపి పిల్లకు సూపెట్టుండ్రి."

ఊరి పేరు చెప్పాడు. మా ఊరు.

"దారి కాదు రాములూ. టైము చాలదు" అన్నాను.

అతను తలూపి వెళ్ళిపోయాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు క్లాసులో, పిల్లల చేత దారి మ్యాపు గీయిస్తున్నాను. సునీత స్కేలు పెట్టి కొలిచి లేచింది.

"సార్, మా నాయినమ్మోళ్ళ ఊరు రోడ్డు మీదికెల్లి కిలోమీటరే ఉన్నది. దారి కాదన్నరట గదా మా నాయినతోని. మ్యాపుల దారే ఉన్నది సార్."

క్లాసు నా వైపు చూసింది. మ్యాపు గీయడం నేర్పింది నేనే. "సరే, ఆపుదాం" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. ఆ వారం నాకు నిద్ర సరిగా లేదు. పిల్లలకు నేనెవరో తెలిస్తే, రేపటినుంచి నా మాట వింటారా? నా దగ్గర మిగిలిన ఆస్తి అదొక్కటే.

ఆ పూట

యాదగిరి బస్సును మట్టిరోడ్డు మీదికి తిప్పాడు. స్థూపం గద్దె మీద ఒకావిడ, పక్కన గంపలో ఉడికించిన పల్లికాయ పెట్టుకుని కూర్చుంది. సునీత ముందు దూకి "నాయినమ్మా!" అని పరుగెత్తింది. ఆవిడ పేరు నర్సమ్మ. నవ్వుతూ మనవరాలి తల నిమురుతున్నదల్లా, నేను బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి ఆగిపోయింది.

గద్దె దిగింది. చెప్పులు విడిచి చేత పట్టుకుంది. రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది.

"నువ్వు చిన్న దొర కొడుకువు గదా? పెద్ద దొర నడకనే నీది. అచ్చం గట్లనే."

మా గడి ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని పోవాలి. అది మా తాత కాలం నాటి కట్టడి. గడి కూలి నలభై ఏళ్ళు దగ్గర పడుతోంది. ఆవిడ చేతులు మర్చిపోలేదు.

"కూసో..." అన్నాను. ఎలా పిలవాలో తెలియలేదు. కుమ్మరి ఇంటి ఆడమనిషిని మా ఇంట్లో ఎవరూ అమ్మా అని పిలిచి ఎరగరు. "కూర్చోండమ్మా. చెప్పులు వేసుకోండి" అన్నాను. ఆవిడ వేసుకోలేదు.

సునీత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాయినమ్మా, ఈయన మా సార్. దొర అంటవేంది? చెప్పులెందుకిడిసినవ్?"

"నీకు తెల్వది బిడ్డా. ఊకో."

నేను తొందరగా పేర్లు పంచి పిల్లల్ని ఊళ్ళోకి పంపించాను. రాతి మీద నాలుగు పేర్లే. సునీతకూ ఇంకొందరికీ సాయిలు పేరు వచ్చింది, నర్సమ్మ అన్న పేరు. నేను బస్సు నీడలో నిలబడ్డాను. కూర్చోలేదు.

ముప్పావు గంటకు అందరూ వచ్చారు. సునీత తన నోట్‌బుక్కు చదివింది.

"సాయిలు. కుండలు జేసేటోడు. ఇరవై ఏండ్లు. ఎడమ చేత్తో తింటుంటే వాళ్ళమ్మ కొట్టేదంట. ఈల మస్తు ఏసేటోడంట. ఒక చాకలాయన వెట్టికి రానన్నడని గడిల కట్టేసిన్రు. ఇడిపించుదామని ఊరోళ్ళు గడి ముందటికి పోయిన్రు. పై నుంచి తుపాకులు పేల్సిన్రు. ముగ్గురు ఆడనే పడ్డరు, ఒకాయన దవాఖానాకు తీస్కపోతుంటే పోయిండు. చంపింది గడి దొర మనుషులు. చెప్పింది మా నాయినమ్మ."

మిగిలిన పిల్లలు "మాక్కూడ ఆమెనే జెప్పింది సార్" అన్నారు.

అప్పుడు నేను చేసింది ఇప్పటికీ తలుచుకుంటే ముఖం కాలుతుంది. "ఒక్కరి మాట చాలదు. మన పద్ధతి మీకు తెలుసు. రెండో మనిషి చెప్పాలి" అన్నాను. అంత చల్లగా, అంత సరిగ్గా అన్నాను. ఆరేళ్ళుగా పిల్లలకు నిజం వెతకడానికిచ్చిన పనిముట్టును నేను అడ్డం పెట్టుకున్నాను.

"అడిగినం సార్" అంది సునీత. "అప్పటోళ్ళు ఇంకెవ్వరు మిగల్లే. ఉన్న ఒక తాతకు చెవులు ఇనబడయి." కాసేపు పెన్సిలు చివర కొరికింది. "మీది ఈ ఊరేనంట గదా సార్. నాయినమ్మ జెప్పింది. అప్పుడు మీకెన్నేండ్లు?"

"ఏడు."

"ఊర్లనే ఉన్నరా?"

"గడిలో ఉన్నాను."

"అయితే మీరు జెప్పుండ్రి."

పెన్సిలు కాగితం మీద పెట్టి ఎదురుచూసింది. ఆ పిల్ల నన్ను దోషిగా చూడలేదు. నేను నేర్పిన పని చేస్తోంది, అంతే.

చెప్పాను. మా అమ్మ నన్ను లోపలి గదిలో పట్టుకుని కూర్చుందని. చప్పుడు నాలుగుసార్లో ఐదుసార్లో వినిపించిందని. తర్వాత కిటికీలోంచి చూస్తే గడి ముందు కింద పడి ఉన్న మనుషులు కనిపించారని. తుపాకులు పట్టుకుని మెట్లు దిగినవాళ్ళందరూ రోజూ నన్ను ఎత్తుకునే మా జీతగాళ్ళేనని. మా తాత కచేరీలో నిలబడి ఉన్నాడని. ఆరోజు ఊళ్ళో రజాకారు ఒక్కడు కూడా లేడని. ఆరేళ్ళుగా బస్సులో నేను పిల్లలకు చెప్పింది అబద్ధమని.

సునీత రాసుకుంటూ, "మీ తాత పేరు?" అంది. చెప్పాను. రాసుకుంది.

నర్సమ్మ గంప ఎత్తి పిల్లల చేతుల్లో పల్లికాయ పోయడం మొదలుపెట్టింది. నా దగ్గరికి వచ్చి ఆగింది. ఒక్క క్షణం చూసి, నా చేతిలో కూడా పోసింది.

ఆ తర్వాత

భువనగిరి కోట కింద యాదగిరి "సార్, ఛాయ్ తాగుదమా?" అన్నాడు. రోడ్డు పక్క బెంచీ మీద కూర్చుని తాగాను. "మస్తు ఎండ" అన్నాడు. "అవును" అన్నాను. ఆ రోజు నాకు కావలసింది సరిగ్గా అంతే.

హెడ్మాస్టరు గారు రెండో రోజు పిలిపించారు. "మీ ఇంటి గుట్టు మీరే పిల్లల చేత రాయించారటగా? ఇదేం చోద్యమండీ?" అన్నారు. సునీత నోట్‌బుక్కు ఆయన ముందు పెట్టాను. పూర్తిగా చదివారు. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అక్షరదోషాలు దిద్దలేదేమండీ?" అని మాత్రం అడిగి నోట్‌బుక్కు తిరిగిచ్చేశారు. ఆ తర్వాత టూరు కాగితం మీద నిట్టూర్చకుండా సంతకం పెట్టారు.

పిల్లలు నా మాట వినడం మానేస్తారని భయపడ్డాను కదా. మానలేదు. ఒక మార్పు మాత్రం వచ్చింది. నేను పాఠం చెబుతుంటే "ఎవరు చెప్పిన్రు సార్?" అని అడగడం మొదలుపెట్టారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత దానికోసమే తయారై వెళ్ళేవాణ్ణి. నా చివరి పన్నెండేళ్ళ పాఠాలు మొదటి పదేళ్ళ కంటే బాగున్నాయంటే కారణం అదే.

మా పెద్దనాన్న కొడుకు మాత్రం ఆ ఏటినుంచి మా గడప తొక్కలేదు. "ఇంటి పరువు మట్టిల గలిపినవ్" అని మా బంధువుల పెళ్ళిలో అందరి ముందూ అన్నాడు. "పరువు మట్టిలో కలిసింది వేరే రోజు. ఆ రోజు నువ్వు పుట్టలేదు" అన్నాను. నా తాత మనవణ్ణని చెప్పుకోవడం నేను మానుకోలేదు. ఆయన గుర్రం మీద ఎంత నిటారుగా కూర్చునేవాడో కూడా పిల్లలకు చెబుతాను. రెండూ చెబుతాను.

మీకు నేను చెప్పగలిగింది ఇది. పిల్లలకు పద్ధతి నేర్పితే, అది ఒకరోజు మీ మీదికి తిరుగుతుంది. తిరగకపోతే మీరు సరిగా నేర్పలేదన్నమాట.

మరుసటి ఏడు బస్సును తిన్నగా ఆ ఊరికే పోనిచ్చాను. కొత్త తొమ్మిదో తరగతి. నర్సమ్మ గద్దె మీద కూర్చుని ఉంది, లేవలేదు. నేను స్థూపం పక్కన నిలబడి, మా తాత పేరుతోనే మొదలుపెట్టి జరిగింది చెప్పాను. సాయిలు దగ్గరికి వచ్చేసరికి నాకు ఆవేశం వచ్చింది. అందరికంటే ముందు నడిచాడనీ, తుపాకీకి ఎదురుగా రొమ్ము విరుచుకుని నిలబడ్డాడనీ చెప్పుకుపోతున్నాను.

"ఏ, ఆగు ఆగు సారూ" అంది నర్సమ్మ. "ముందటున్నడని నీకెవ్వలు జెప్పిన్రు?"

ఆగాను.

"మా అన్న అందరికన్న ఎన్కనున్నడు. భయస్తుడు. పొద్దున్నుంచి వోను వోను అన్నడు. అమ్మ తిడితే వోయిండు. చేతుల కట్టె గూడ లేకుండె. ఎన్కున్నోనికి గూడ తాకింది గుండు. గట్ల జెప్పు. ఊకె పెద్దగ జేసి జెప్తె మా అన్న గాదు, ఇంకెవడో అయితడు."

పిల్లలు నన్ను చూసి నవ్వారు. మా వంశంలో ఎవరినీ నలుగురి ముందు అలా ఎవరూ దిద్దినట్టు నేను వినలేదు. జేబులోంచి పెన్ను తీసి, నా నోట్సులో ఆ రెండు వాక్యాలు కొట్టేశాను.

"ఆయన వెనక నిలబడ్డాడు" అని మళ్ళీ మొదలుపెట్టాను.